గోలీ వెంట వచ్చిన శిగం

పొయ్యి మీద అన్నం మాడి ఇల్లంతా పొగ నిండితే, మా ఆయన ఆ పొగలోనే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మహిళా సంఘం మీటింగు నుంచి వస్తున్న నాకు ఆ మాడు వాసన వీధి మలుపులోనే తగిలింది.

"ఏందయ్యా, ఇల్లు తగలబడ్డా లేవవా?" అని అరిచాను.

"నాకేం వాసన రాలే" అన్నాడు. ముఖంలో కోపం లేదు, నవ్వు లేదు, బెదురు లేదు. నన్ను ఉడికించడానికే అట్లా అంటున్నాడనుకుని గిన్నె తీసి బయట పడేశాను. ముక్కుకు వాసన తెలియకపోవడం కూడా ఒక రోగానికి తొలి గుర్తు కావచ్చని చాలా కాలం తర్వాత డాక్టరమ్మ చెప్తే గాని నాకు తెలియలేదు.

మా ఊరు అచ్చంపేట పోయే తొవ్వలో ఉంటుంది. ఆయన తాపీ మేస్త్రీ. పాలమూరు కూలీలు పోని దేశం లేదంటారు; పెళ్లయిన కొత్తలో మేమూ అట్లాగే తిరిగాం. ఆయన గోడ కట్టేవాడు, నేను తట్ట మోసేదాన్ని. రసమట్టం పెట్టకుండానే గోడ ఎక్కడ వంగిందో కంటితో చెప్పేవాడు. పిల్లలు ఎదిగాక ఊళ్లోనే స్థిరపడ్డాం. తెలంగాణ వచ్చిన కొత్తలో మా చుట్టుపక్కల ఇళ్ల పనులు బాగా నడిచాయి. ఆయనకు చేతినిండా పని. నేను సంఘంలో చేరి, సంతకం కోసం మొదలుపెట్టి, బడిలో సాయంత్రం చదువుకు పోతూ అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికే మనవరాలు పుట్టింది.

వాసన సంగతి అయ్యాక ఆయన ఎడమ చెయ్యి మీద నా కన్ను పడింది. పనికి పోతుంటే వెనక నుంచి చూశాను. కుడి చెయ్యి ఊగుతోంది, ఎడమ చెయ్యి ఒంటికి కట్టేసినట్టు ఉంది. ఆ తర్వాత వణుకు వచ్చింది. అదీ వింతగా ఉండేది. ఊరికే కూర్చుంటే బొటనవేలూ పక్కవేలూ గింజ నలుపుతున్నట్టు కదిలేవి. తాపీ పట్టుకోగానే ఆగేవి. పని చేసేటప్పుడు లేని వణుకు కూర్చుంటే వస్తుందంటే జనం ఏమనుకుంటారు? "మేస్త్రీకి మందు ఎక్కువైంది" అనుకున్నారు. ఆయన కల్లు మానేసి ఏళ్లవుతోంది. ఆ మాట చెప్పబోతే గొంతు లోపలికి పోయి సగం మాట వినబడేది కాదు. దాంతో అది కూడా తాగుడు కిందికే పోయింది. ఒక ఇంటి యజమాని "రేపటి నుంచి రాకు" అన్నాడట. ఆ సంగతి నాకు చెప్పకుండా వారం దాకా పొద్దున్నే తాపీ సంచి పట్టుకుని వెళ్లి, బస్టాండులో కూర్చుని వచ్చేవాడు.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు నరాల బలహీనత అని సూదులు వేశాడు. ఏమీ కాలేదు. చివరికి ఆటో నడిపే మా పెద్దోడు మమ్మల్ని మహబూబ్‌నగర్‌లో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ ఆయన చేత బొటనవేలూ చూపుడువేలూ కలిపించి విడదీయించింది. మణికట్టు పట్టుకుని తిప్పింది. వరండాలో నడిపించింది. వెనక నిలబడి భుజాలు పట్టుకుని ఒక్కసారి లాగింది. ఆయన పడబోతే ఆమే పట్టుకుంది. అంతే, వచ్చి కూర్చుని రాయడం మొదలుపెట్టింది.

"రక్తం తియ్యరా మేడమ్? ఫోటో తియ్యరా?" అన్నాను. అంత దూరం వచ్చి ఒట్టి చేతులతో పోతున్నామని నాకు దిగులు.

"ఈ రోగాన్ని చూసే పట్టుకోవాలమ్మా. చెయ్యి చెప్తది, నడక చెప్తది" అంది.

పార్కిన్సన్స్ అని పేరు చెప్పింది. మెదడు లోపల ఒకచోట ఒక రసం తయారవుతుందట. చెయ్యి లేపాలని మనం అనుకోగానే ఆ మాట ఒంటికి సాఫీగా అందాలంటే ఆ రసం కావాలట. దాన్ని తయారుచేసే కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయట. ఎందుకు చస్తున్నాయో ఎవరికీ పూర్తిగా తెలియదట. నా ముఖం చూసి ఆమె ఆగి, మా ఆయన వైపు తిరిగింది.

"బండి ఇరుసుకు కందెన ఎండిపోతే ఏమైతది?"

"బిగుసుకుంటది" అన్నాడు ఆయన.

"గంతే. ఈ గోలీ లోపలికి పోయి ఆ రసంగ మారుతది. కందెన రాసినట్టు. ఇరుసు మాత్రం కొత్తది కాదు."

"తగ్గుతదా మేడమ్?" అన్నాను.

"పూర్తిగ పోయే రోగం కాదమ్మా. కాని, మందు బాగ పనిచేస్తది. టైముకు ఇయ్యాలె, నడిపియ్యాలె. ఒక్క దినం కూడ మీ అంతట మీరు బంద్ పెట్టొద్దు."

ఆ చివరి మాటను నేను తలకు ఎక్కించుకున్నాను. ఆయన మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒక్కమాటే అన్నాడు: "పోదంట గదా."

గోలీ మొదట్లో కడుపులో తిప్పింది. ఒంటికి పడ్డాక ఒక పొద్దున నేను నీళ్లు తోడుకుని వచ్చేసరికి ఆయన అంగీ గుండీలు తనే పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకున్నాడు. నేను బిందె దించకుండా అట్లాగే చూశాను. అది మొదలు కొన్నేళ్లు మా ఇల్లు మామూలుగా నడిచింది. పెద్ద గోడలు కట్టకపోయినా, అరుగులూ గట్లూ చేసేవాడు. నాకు మాత్రం లోపల ఒక భయం. ఆయన గ్లాసు పట్టుకుంటే గ్లాసును చూసేదాన్ని, గడప దాటుతుంటే కాళ్లను చూసేదాన్ని. "నన్ను గట్ల చూడకు, దొంగను చూసినట్టు" అని విసుక్కునేవాడు.

తర్వాత గోలీ బలం తొందరగా దిగిపోవడం మొదలైంది. ఇంకో గోలీ వేళ కాకముందే ఒళ్లు మొద్దుబారేది. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర నిలిచిపోయేవాడు. పాదాలకు జిగురు పూసినట్టు లేచేవి కావు. వెనక నుంచి ఎవరైనా తొందరపెడితే ముందుకు పడేవాడు. "దిగింది" అనేవాడు గోలీ గురించి. నేను ఎక్కడున్నా ఆ మాట కోసం చెవి పెట్టుకుని ఉండేదాన్ని.

అట్లాంటి రోజుల్లోనే ఆయన అక్క, మా వదినె, ఇంటికి వచ్చింది. ఆమెను ఇచ్చింది నల్లమల అంచున ఉన్న ఊరికి. తమ్ముడంటే ప్రాణం. తల్లి చనిపోతే ఆయన్ను చంకలో వేసుకుని పెంచింది ఆమే. చిన్న డబ్బా నిండా పొడి తెచ్చింది. దూలగొండి గింజల పొడి. కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా దురద పెడుతుంది గాని, గింజను పాలలో ఉడికించి, పొట్టు తీసి, ఎండబెట్టి దంచితే నరాలకు బలమని వాళ్ల ఊరి ముసలాయన ఒకరు చెప్పి ఇచ్చాడట.

"పాలల్ల కలిపి తాపు పిల్లా. మీ ఇంగ్లీషు గోలీలు వేడి. ఇది చలువ" అంది వదినె.

"డాక్టరమ్మను అడిగి..."

"పాలు తాపనీకి గూడ డాక్టర్ను అడుగుతవా? రేపు అన్నం పెట్టనీకి అడుగు!"

ఆయన నవ్వాడు. ముఖం కదలదు కాబట్టి ఆయన నవ్వు గొంతులోనే తెలుస్తుంది. నేనూ నవ్వి పాలు వేడి చేశాను. గోలీ గోలీయే, పొడి పొడే. ఒకటి దుకాణంలోది, ఒకటి అడవిలోది. రెండూ వేరు వేరు అనుకున్నాం.

నాలుగు రోజులకే మార్పు కనిపించింది. గుమ్మం దగ్గర ఆగడం లేదు. హోటల్ దాకా నడిచి చాయ్ తాగి వచ్చాడు. వదినె వాకిట్లో కూర్చుని, వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ చెప్పింది: "మా తమ్మున్ని గీమె మహబూబ్‌నగర్ దవాఖానల తిప్పితే, నేను అడవిల నుంచి మందు తెచ్చి నడిపిచ్చిన." నాకు కోపం రాలేదు. ఆయన నడిస్తే చాలు, ఎవరు నడిపించారన్న లెక్క నాకెందుకు?

ఆ తర్వాత ఊగుడు మొదలైంది. వణుకు వేరు, ఇది వేరు. కూర్చున్నచోటే భుజం అటు పోయేది, మెడ ఇటు తిరిగేది, కాలు దానంతట అది లేచి దిగేది. నీళ్లలో నిలబడ్డ మనిషిని అల ఊపినట్టు ఉండేది. ఆయనకు నొప్పి లేదు. "ఏమైతాంది?" అంటే "ఏమో, ఒళ్లు తేలికగున్నది" అనేవాడు. ఎన్నేళ్లుగానో బిగుసుకుని ఉన్న మనిషి ఇంతగా కదలడం మంచికో చెడుకో నాకు అర్థం కాలేదు.

సరిగ్గా ఆ వారమే ఎల్లమ్మ పండుగ వచ్చింది. బోనాలు మా వీధి వెంట పోతున్నాయి. డప్పులు మా ఇంటి ముందుకు వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పొడి కలిపిన పాలు తాగి, గోలీ మింగి కొంత సేపయింది. ఊగుడు మొదలైంది. తల అటూ ఇటూ తిరుగుతోంది, చేతులు పైకి లేస్తున్నాయి. బోనం ఎత్తుకున్న ఒక ముసలమ్మ ఆగిపోయింది.

"ఓ అమ్మా! మేస్త్రీకి శిగం వచ్చిందే!"

ఒంటి మీదికి దేవత రావడాన్ని మా దగ్గర శిగం అంటారు. క్షణంలో వాకిలి నిండిపోయింది. ఎవరో పసుపు నీళ్లు కాళ్ల మీద పోశారు. ఎవరో చేతిలో వేపమండ పెట్టారు. చేయి ఊగితే వేపమండా ఊగింది, ఇంక అనుమానం ఎవరికి ఉంటుంది?

"ఎవరు తల్లీ నువ్వు? ఏం తక్కువైంది నీకు? చెప్పు తల్లీ" అని ముసలమ్మ చేతులు జోడించింది.

ఆయన నా వైపు చూశాడు. ఆయనకు తెలివి పూర్తిగా ఉందని ఆ కళ్లు చూస్తే నాకు తెలిసింది. నేను ముందుకు పోబోతే వదినె నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏం తక్కువ లేదు" అన్నాడు ఆయన మెల్లగా.

"ఏం తక్కువ లేదంట!" అని ముసలమ్మ వీధికంతా వినబడేట్టు చెప్పింది. జనం దండాలు పెట్టారు. తాగుబోతు అన్నవాళ్లూ పెట్టారు.

ఆ రోజు నుంచి మంగళవారం, శుక్రవారం ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మా ఇంటికి వచ్చేవారు. ఒకామె మేక తప్పిపోయిందని అడిగింది. "దొరుకుతది" అన్నాడు. అది పక్క వీధిలో కందిచేను మేసి తనే ఇంటికి వచ్చింది. దాంతో ఇంకా పేరు వచ్చింది. పక్కింటి ఆయన ఊరుకోలేదు. "మేస్త్రీ, నా అల్లుడు ఎన్నడు పోతడో గూడ చెప్పరాదూ. వచ్చి నెలైతాంది!" అని వాకిట్లో అందరినీ నవ్వించాడు.

నేను కూడా దేవతను నమ్మే మనిషినే. ఏటా బోనం ఎత్తుతాను. కాని నా కంటికి ఒకటి కనిపించింది. గోలీ మింగి, పొడి తాగాక కాసేపటికి శిగం వచ్చేది. ఇంకో గోలీ వేళ దగ్గర పడుతుంటే పోయేది. ఒకరోజు జనం వచ్చి కూర్చున్నా, గోలీ ఆలస్యం అయిందని శిగం రాలేదు. గోలీ వేశాక వచ్చింది. వాళ్లంతా పోయాక వదినెతో అన్నాను.

"వదినే, అమ్మవారు గోలీ కోసం ఆగి ఆగి వస్తదా?"

"నోరు కడుక్కో పోయి! ఆమె రాక ఆమె ఇష్టం."

"గట్లైతే గోలీ లేకుంట రానియ్యి, చూస్తా."

ఆ మాట కోపంలో అన్నాను. వదినె దాన్ని పట్టుకుంది. "నిజమే. అమ్మ ఉన్న ఒంట్లె ఆ ఇంగ్లీషు మందు ఎందుకు? మైల గాదూ?" అంది. వచ్చే మంగళవారం దాకా తమ్ముడు ఒక్కపొద్దు ఉండాలని, పండ్లూ నీళ్లూ తప్ప గోలీ గాని పొడి గాని నోట పెట్టకూడదని తీర్మానం చేసింది. నేను ఆయన మీద ఆశ పెట్టుకుని చూశాను. డాక్టరమ్మ మాట ఆయన కూడా విన్నాడు కదా.

"బంద్ పెడత" అన్నాడు ఆయన.

"బంద్ పెట్టొద్దని చెప్పలేదా? నీకు యాదికి లేదా?"

"యాదికున్నది. పోదని గూడ చెప్పింది." ఊపిరి కూడదీసుకుని అన్నాడు: "నువ్వు గోలీ తెచ్చినప్పుడల్ల నేను రోగిని అయితున్న. వాళ్లు వచ్చినప్పుడు కాదు."

నేను గోలీ గ్లాసూ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పెద్దోడికి ఫోన్ చేద్దామా అనుకున్నాను. వాడు వచ్చి అరిస్తే వచ్చిన ఆడవాళ్ల ముందు ఆయన పరువు పోతుందని ఆగాను. పూటపూటకూ అడిగాను. ఆయన నోరు మూసుకున్నాడు.

మొదటి రోజు ఊగుడు ఆగింది. వదినె "శాంతించింది తల్లి" అంది. మర్నాడు వేళ్లు తెరుచుకోలేదు. ఆ మర్నాడు మంచం మీద పక్కకు తిరగలేకపోయాడు. నేను భుజం పట్టి లాగితే మనిషంతా కర్రలా ఒక్కటిగా కదిలాడు. నీళ్లు నోట్లో పోస్తే గుటక పడక పెదవి పక్క నుంచి కారిపోయాయి. ఒళ్లు పెనంలా కాలుతోంది. కళ్లు ఒక్కటే నన్ను వెతుకుతున్నాయి. ఏదో అంటున్నాడని చెవి నోటి దగ్గర పెట్టాను. ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

"వదినే, నేను తీసుకపోతున్న. నువ్వు అడ్డం రాకు" అన్నాను. ఆమె అడ్డం రాలేదు. నాకంటే ముందే వెళ్లి ఆటోలో కూర్చుని, తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంది. పెద్దోడు ఆటో తోలాడు. గుంత వచ్చినప్పుడల్లా బండి నిదానం చేస్తుంటే, తొందరగా పొమ్మనాలో మెల్లగా పొమ్మనాలో తెలియక నేను చీర కొంగు నమిలాను.

దవాఖానలో వెంటనే లోపలికి తీసుకున్నారు. సెలైన్ పెట్టారు. ముక్కులోంచి కడుపులోకి సన్నని పైపు వేసి, గోలీలు నీళ్లలో కరిగించి పంపారు. డాక్టరమ్మ వచ్చి చెయ్యి తిప్పి చూసింది. తిరగలేదు.

"గోలీలు బంద్ పెట్టిండ్రా?"

తల ఊపాను.

"దానికంటె ముందు ఏమైంది? ఇంకేమన్న మందు ఇచ్చిండ్రా?"

నేను వదినె వైపు చూడకూడదనుకున్నాను గాని చూశాను. ఆమె సంచిలోంచి డబ్బా తీసి తనే ముందుకు వచ్చింది. "ఇది ఇచ్చిన మేడమ్. నేనే ఇచ్చిన, ఆమె గాదు. దూలగొండి. నరాలకు బలమని మా ఊరి ముసలాయన చెప్పిండు. బంద్ పెట్టిచ్చింది గూడ నేనే" అంది.

డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె డబ్బా మూత తీసి చూసి, బల్ల మీద పెట్టింది.

"మీ ముసలాయన అబద్ధం చెప్పలేదమ్మా. ఈ గింజల్ల ఉన్నదీ, ఆ గోలీల ఉన్నదీ ఒకటే మందు. గోలీల ఎంత ఉన్నదో నాకు తెలుసు. ఈ పొడిల ఎంత ఉన్నదో నీకూ తెల్వది, నాకూ తెల్వది. రెండూ కలిసి ఎక్కువైంది. ఎక్కువైతే ఒళ్లు ఊగుతది. ఊగిండా?"

వదినె గోడకు ఆనుకుంది. "ఊగిండు" అంది.

ఊగుడు గోలీతో కూడా రావచ్చని, ఏళ్ల తరబడి వాడితే చాలామందికి వస్తుందని, అప్పుడు డాక్టరు కొలత మార్చాలి తప్ప మందు ఆపకూడదని ఆమె చెప్పింది. అకస్మాత్తుగా ఆపితే ఒళ్లు ఇట్లాగే బిగుసుకుని, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి వస్తుందట. "బతుకుతడా?" అని అడిగాను. "చూద్దాం. టైముకు వచ్చిండ్రు" అంది. ఆ 'చూద్దాం' అనే మాటతో నేను ఆ వరండాలో ఎట్లా కూర్చున్నానో చెప్పలేను. గోడ మీద అంటించిన తెలుగు కాగితాలన్నీ చదివాను. చేతులు కడుక్కోవాలి, ఉమ్మి వేయరాదు, చెప్పులు బయట విడవాలి. ఏ కాగితంలోనూ నాకు కావలసింది లేదు.

జ్వరం దిగింది. వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. పైపు తీశాక ఆయన అడిగింది చాయ్.

ఈసారి డాక్టరమ్మ గోలీని చిన్న ముక్కలు చేసి ఎక్కువసార్లు ఇవ్వమంది. పాలతో, పప్పుతో, గుడ్డుతో కలిపి ఇవ్వొద్దని, తిండికి ముందే వేయమని చెప్పింది. అవి గోలీని లోపలికి పోనివ్వకుండా అడ్డం పడతాయట. బలం రావాలని పాలతో ఇస్తూ వచ్చిన నాకు అది కొత్త సంగతి. కాళ్లు గడప దగ్గర ఆగితే నేల మీద గీతలు గీసి, వాటిని దాటమని చెప్పాలంది. నేను ఇంటికి వచ్చి గుమ్మం లోపలా బయటా ముగ్గుపిండితో అడ్డంగా కర్రలు పరిచినట్టు గీతలు వేశాను. ఆయన మొదటి గీతను చూసి కాలు లేపాడు. "వంకరున్నది" అన్నాడు. నేను చెరిపి మళ్లీ తిన్నగా వేశాను. అది కూడా ఆయన మేస్త్రీ కంటికి ఆనలేదు గాని, దాటాడు.

అయినా నా భయం తీరలేదు. ప్రాణం దక్కింది గాని, పొడి తాగిన రోజుల్లో నడిచినంత హాయిగా ఆయన ఇప్పుడు నడవలేడు. ఊగుడు పోయింది, దాంతో పాటు ఆ తేలికా పోయింది. గోలీ ఇస్తే మింగుతాడు. ముఖం అటు తిప్పుకుని మింగుతాడు. ఒకనాడు అక్కతో గుసగుసగా అంటుంటే విన్నాను.

"అక్కా, గా పొడి జరంత..."

"నా చేతుల్తోని ఇయ్య" అంది వదినె. "నువ్వు తిట్టినా ఇయ్య. మట్టిల పోసిన."

ఆమె ఇయ్యకపోతే ఇంకెవరైనా ఇస్తారు. లేదా ఏదో ఒక పొద్దున ఆయన మళ్లీ నోరు మూసుకుంటాడు. ఆయన మనసు ఏమనుకుంటోందో ఆ ముఖంలో నాకు కనిపించదు. రోగం ఆ తలుపు ఎప్పుడో మూసేసింది. మింగిన గోలీ దవడలో దాచుకున్నాడేమోనని నోరు తెరిపించి చూసిన రోజులు కూడా ఉన్నాయి.

ఆడవాళ్లు రావడం తగ్గినా ఆగలేదు. "అమ్మ కోపమొచ్చి పోయింది, మల్ల వస్తది" అని ఊళ్లో మాట. వచ్చినవాళ్లకు ఆయన ఏమీ చెప్పేవాడు కాదు. తల వంచుకుని కూర్చునేవాడు. అది కూడా ఏదో అర్థమేనని వాళ్లు దండం పెట్టి పోయేవారు.

ఒక శుక్రవారం పొద్దున పక్క ఊరి నుంచి ఒక పడుచుపిల్ల వచ్చింది. చంకలో బిడ్డ. మనిషి ఎండిన కందికట్టెలా ఉంది. దగ్గు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిడ్డను అటు తిప్పుతోంది. వాకిట్లో కూర్చుని చెప్పింది: ఊపిరితిత్తుల్లో టీబీ ఉందట. సర్కారు దవాఖానలో గోలీలు ఇస్తున్నారట. మింగితే కడుపులో మంట, కళ్లు తిరుగుడు. అత్త అంటుందట, ఆ గోలీలే నిన్ను తింటున్నాయి, మాని దేవరకు మొక్కుకో అని.

"నువ్వు చెప్తె బంద్ పెడత తల్లీ. నువ్వు చెప్తెనే మా అత్త ఇంటది" అని ఆయన ముందు తల ఆనించింది.

అప్పటికి ఆయన గోలీ దిగిపోతున్న వేళ. పెదవులు కదలడమే కష్టం. బంద్ పెట్టమంటాడేమో అన్నది నా మొదటి భయం. ఏమీ అనకుండా తల వంచితే, ఆ పిల్ల దాన్నే సరేననుకుని పోతుందన్నది రెండో భయం. నేనే చెప్పేద్దామని లేచాను. వదినె మూలన కూర్చుని, ఆయన్ను చూస్తోంది.

ఆయన చెయ్యి వణుకుతోంది. మామూలుగా జనం వస్తే ఆ చేతిని ఇంకో చేతి కింద దాచుకుంటాడు. ఆ రోజు దాచలేదు. మోకాలి మీద పెట్టి వణకనిచ్చాడు. తర్వాత, నేను కళ్లారా చూశాను, మెడను తనే మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. రోగం తిప్పే తీరు నాకు తెలుసు. ఇది అది కాదు.

"మింగు" అన్నాడు.

"ఏంది తల్లీ?"

"గోలీలు." ఊపిరి తీసుకున్నాడు. "మింగు. బంద్ పెడితే... కర్రయితవ్. నీళ్లు గూడ దిగయి." ఇంకోసారి ఊపిరి. "నేను చూసిన."

ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. "మంట పెడతాంది తల్లీ. ఎన్ని దినాలు మింగాలె?"

ఆయన నా వైపు చూశాడు. దానికి జవాబు ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. "డాక్టర్ చాలనే దాక అని చెప్పు" అన్నట్టు నేను పెదవులు కదిపాను.

"డాక్టర్ చాలనే దాక" అన్నాడు. "మంట సంగతి వాళ్లకే చెప్పు. దాచకు. మీ అత్తకు చెప్పు, ఎల్లమ్మ చెప్పిందని."

మూలన వదినె రెండు చేతులూ జోడించింది. దేవతకు పెట్టిందో తమ్ముడికి పెట్టిందో నేను అడగలేదు. ఆయన చేసింది పాపమవుతుందా అని నాకు లోపల గుబులు పుట్టింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, బిడ్డను ఎత్తుకుని, నేరుగా దవాఖాన బస్సు కోసమే రోడ్డు వైపు నడిచింది. వీధి దాకా వెళ్లి చూస్తూ నిలబడితే గుబులు కొంత తగ్గింది, పూర్తిగా తగ్గలేదు.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన ఒళ్లు బిగుసుకుపోయి ఉంది. మాట్లాడిన మాటలకే బలమంతా పోయింది. పక్కన కూర్చుని వీపు రాశాను.

"నా గోలీ ఏది?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన అంతట ఆయన అడగడం నేను వినలేదు. లేచి గడియారం చూశాను. ఇంకా వేళ కాలేదు. ముందే వేస్తే మళ్లీ ఊగుడు వస్తుందేమో, ఆగితే గొంతు బిగుసుకుంటుందేమో అని చేతిలో గోలీ పట్టుకుని నిలబడ్డాను.

"ఇంక జరసేపు ఆగాలె" అన్నాను.

"ఆగుత" అన్నాడు.

నేను నీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకుని ఆయన పక్కనే కూర్చున్నాను.